సాధారణ వ్యవస్థా సిద్ధాంతం గారికి, మార్కులు వేయలేకపోయిన పరీక్షకుడు వ్రాయునది

మహారాజశ్రీ సాధారణ వ్యవస్థా సిద్ధాంతం గారి సముఖానికి,

నమస్కారములు. తమ పేరులో ‘సాధారణ’ అన్న మాట ఉన్నా, తమ ఆశ ఏనాడూ సాధారణమైనది కాదు. జీవకణానికీ, కర్మాగారానికీ, దేశ ఆర్థిక వ్యవస్థకూ ఒకేలా వర్తించే సూత్రాలున్నాయని తమరు మాట ఇచ్చారు. ఆ మాటను నమ్మి, తమనూ తమ జ్ఞాతులైన ఇతర సిద్ధాంతాలనూ ఒక వరుసలో కూర్చోబెట్టి ఎవరికెన్ని మార్కులో తేల్చాలని నేను పూనుకున్నాను. మార్కుల కాగితం ఇంకా తెల్లగానే ఉంది. ఎందుకలా ఉందో విన్నవించుకోవడానికే ఈ లేఖ.

తమ పుట్టుకలో నాకు తప్పేమీ కనబడదు. ప్రాణిని మూత బిగించిన సీసాలాగా చూడకూడదనీ, అది పదార్థాన్నీ శక్తినీ ఎడతెగకుండా లోపలికి తీసుకుంటూ బయటికి వదులుతూ నిలిచి ఉండే వివృత వ్యవస్థ అనీ ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ నొక్కి చెప్పడం శాస్త్రానికి నిజమైన మేలు. 1954లో ఆయన, ఆర్థికవేత్త కెన్నెత్ బౌల్డింగ్, మరి ఇద్దరు పండితులు కలిసి తమరి కోసం అమెరికాలో ఒక సంఘానికి పునాది వేశారు. వేర్వేరు శాస్త్రాలవారు మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాష కావాలన్నది వారి కోరిక. ఆ భాష కాలక్రమాన ఆవు వ్యాసమయింది. విమానం గురించి రాయమంటే దాన్ని పచ్చికబయలులో దింపి, అక్కడ మేస్తున్న ఆవు దగ్గర కలం అందుకున్న కుర్రవాడిలాగా, తమ అనుయాయులు ఏ విషయం ఇచ్చినా రెండు పెట్టెలు, మూడు బాణాలు గీసి, ఫలితమే తిరిగి వచ్చి తన కారణాన్ని మార్చే ఫీడ్‌బ్యాక్ దగ్గరికి చేరుకుంటున్నారు.

ఈ ప్రమాదాన్ని బౌల్డింగ్ గారు 1956లోనే పసిగట్టారు. సాధారణత్వం పెంచుకున్నకొద్దీ దానికి వెలగా సారాన్ని వదులుకోవలసి వస్తుందనీ, దాదాపు అన్నిటి గురించీ కలిపి చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదనీ ఆయన రాశారు. అదే వ్యాసంలో కదలని చట్రాలతో మొదలుపెట్టి, గడియారం, థర్మోస్టాట్, కణం, మొక్క, జంతువు, మనిషి, సమాజం మీదుగా అతీత వ్యవస్థల దాకా తొమ్మిది మెట్లు కూడా కట్టారు. తొమ్మిదో మెట్టు మీద ఏముందో చూసివచ్చినవారు లేరు కనుక, తమకు ఎదురుచెప్పేవారు లేని చోటు అదొక్కటే.

పోలికకు పిలిస్తే తమరు పోటీదారుగా రారు, పందిరిగా వస్తారు. 1948లో నోర్బర్ట్ వీనర్ పుస్తకంతో పేరుకెక్కిన, యంత్రాల్లోనూ ప్రాణుల్లోనూ అదుపు ఎలా నడుస్తుందో చదివే సైబర్నెటిక్స్‌ను పక్కన నిలబెడితే, అది తమలోనే ఒక భాగమని బెర్టలాన్ఫీ గారి వాదం. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరన్న సామెత తమ వంశం కోసమే పుట్టిందేమోనని నా అనుమానం. ఇక జేమ్స్ గ్రియర్ మిల్లర్ 1978లో వెయ్యి పుటలు దాటిన గ్రంథంలో, కణం మొదలుకొని దేశాల కూటముల దాకా ప్రతి జీవ వ్యవస్థకూ పందొమ్మిది ఉపవ్యవస్థలు అవసరమన్నారు. ఎక్కడైనా ఒకటి లోపిస్తే, ఆ పనిని మరో వ్యవస్థ చేసిపెడుతున్నదని సమాధానం. ఉన్నా సిద్ధాంతం నెగ్గింది, లేకపోయినా నెగ్గింది. ఇలాంటి జవాబు పత్రాన్ని ఎర్ర సిరా ఎక్కడ తాకగలదు?

నా వరుసలో నేను మనసారా మార్కులు వేయగలిగింది ఓడిపోయినవాడికి. రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ అనే ఇద్దరు 1920లో అమెరికా జనాభా లెక్కలకు మొదట వేగంగా ఎదిగి తరువాత ఒక హద్దు దగ్గర ఆగే, ఎస్ ఆకారపు లాజిస్టిక్ వక్రరేఖను గీసి, ఆ దేశ జనాభా దాదాపు 19.7 కోట్ల దగ్గర ఆగుతుందని తేల్చారు. పెర్ల్ గారు ఈ రేఖను ఈగల గుంపు నుంచి దేశాల దాకా అన్నిటికీ చెల్లే నియమంగా ప్రచారం చేశారు. 1970 జనగణనలో ఆ దేశ జనాభా 20 కోట్లు దాటింది. అంతకు ముందే, 1940లో, గణితజ్ఞుడు విలియమ్ ఫెల్లర్ ఇంకో చురక అంటించారు: లాజిస్టిక్ రేఖ సరిపోయిందని చూపిన లెక్కలకే వేరే రేఖలు కూడా అంతే చక్కగా సరిపోతాయని. డేటాకు అతికినంత మాత్రాన అది నియమం కాదన్నమాట. అయినా పెర్ల్ గారికి నా నమస్కారం, ఆయన ఒక అంకె చెప్పారు కనుక. (లాజిస్టిక్ సమీకరణాన్ని తమరు కూడా సొంత ఆస్తిగా చెప్పుకుంటున్నారు గాని, ఆ అంకెను మాత్రం తమ ఖాతాలో రాసుకోలేదు.)

ఓడకుండానే హద్దు తెలుసుకున్నది మరొకటి ఉంది. 1987లో పేర్ బాక్, ఆయన సహచరులు ఊహించిన ఇసుకకుప్ప నమూనా, కుప్పలు తమంతట తామే కూలడానికి అంచున నిలిచే ‘క్రిటికల్’ స్థితికి చేరి చిన్నా పెద్దా జారుళ్లతో కూలుతాయని చెప్పింది. 1996లో నార్వే శాస్త్రజ్ఞులు బియ్యంతో చేసి చూస్తే, పొడవాటి గింజల కుప్ప ఆ మాట విన్నది, అంత పొడవు లేని గింజలది వినలేదు. మన మాటలో, సన్నబియ్యానికి ఒక న్యాయం, దొడ్డుబియ్యానికి ఒక న్యాయం. నాకు దానిలో సిగ్గుపడవలసినదేమీ కనబడలేదు.

తమ ఇంట్లోనే ఇంకొక బిడ్డ ఉన్న సంగతి తమకు గుర్తు చేయాలి. చేప వయసుకూ పొడవుకూ సంబంధం చెప్పే సమీకరణం కూడా బెర్టలాన్ఫీ గారిదే. విశాఖపట్నం రేవులో చేపలు కొలిచే శాస్త్రజ్ఞులు కూడా దాన్ని వాడతారు. అది పెరుగుదలను లెక్కగట్టే మరో సూత్రమైన గొంపెర్ట్జ్ సమీకరణంతో, లాజిస్టిక్‌తో కలిసి, అవే చేపల మీద పరీక్షకు కూర్చుంటుంది. జపాన్ గణాంకవేత్త అకాయికే చూపిన పద్ధతిలో, ఎవరు ఎంత బాగా అతికారో చూడటమే కాక, అదనంగా వాడుకున్న ప్రతి స్థిరాంకానికీ కోత పడుతుంది. కొన్ని జాతుల చేపల దగ్గర అది ఓడిపోతుంది కూడా. తండ్రి ఒక్కడే అయినా ఆ బిడ్డ పరీక్షలు రాస్తున్నది, తమరు ప్రారంభోత్సవాలకు హాజరవుతున్నారు.

కాబట్టి ఈసారి దయచేసేటప్పుడు, తమరు లేకపోతే ఎవరూ చెప్పలేకపోయిన ఒక్క అంకెను, అది ఎంత తప్పితే తమరు కుర్చీ దిగుతారో రాసిన ఒక చీటీని, వీలైతే ఒక చేపను వెంట తెచ్చుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తెల్లకాగితం ముందు ఇంకా కూర్చునే ఉన్న
పరీక్షకుడు