పల్నాటి యుద్ధం కోడిపుంజు కోసం జరగలేదు

సంక్రాంతి దగ్గర పడితే చాలు, మార్కాపురం, త్రిపురాంతకం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "కోడిపుంజు కోసం రాజ్యాన్ని తగలబెట్టుకున్న మూర్ఖులు పల్నాటి వీరులు. నాగమ్మ అనే ఆడదాని పంతం, రెండు కులాల కొట్లాట, అంతే" అని దాని సారాంశం. చదువుకున్నవాళ్లు కూడా నవ్వే బొమ్మలు తగిలించి ఫార్వర్డ్ చేస్తుంటే కడుపు మండిపోతోంది.

ముందు కోడి సంగతి. పల్నాడును గురజాల నుంచి నలగామరాజు, మాచర్ల నుంచి అతని తమ్ముడు మలిదేవుడు ఏలేవారు. నలగాముడి మంత్రి నాగమ్మ, మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడు. ఈ రెండు పక్షాల మధ్య కోడిపందెం జరిగిన మాట నిజమే. ఓడినవాళ్లు 7 ఏళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. మలిదేవుడి వాళ్లు మాచర్ల వదిలి మండాదికి, అక్కడి నుంచి మేడపికి వచ్చారు. ఆ మేడపి మన త్రిపురాంతకం మండలంలోదే. ఆడిన మాట ప్రకారం గడువు తీరేదాకా ఆగి, తమ రాజ్యం తమకిమ్మని అడిగారు. నలగామరాజు ఇవ్వనన్నాడు. గొడవ ముదిరింది అక్కడ. యుద్ధం జరిగిన కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు 5 రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అందులో కోడికి దక్కింది ఒక్క రోజు.

రాయబారానికీ ఒక రోజు ఉంది చూడండి, ఈ కథకు గుండెకాయ అదే. రాయబారిగా వెళ్లిన అలరాజు నలగామరాజుకు సొంత అల్లుడు. ఉన్నదేమో మలిదేవుల పక్షాన. పిల్లనిచ్చిన మామ దగ్గరికి సంధి మాటలకు వెళ్లిన మనిషిని చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. అతని భార్య పేరిందేవి ఎవరిని తిట్టుకోవాలి? మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నది పుట్టింటివాళ్లే. ఆమె సహగమనం చేసింది. ఆ చావులో చెయ్యి ఉందని కథ చెప్పే నరసింగరాజు నలగాముడికీ మలిదేవుడికీ కూడా తమ్ముడే. ముగ్గురికీ తండ్రి అనుగురాజు, తల్లులు వేరు. ఆ నరసింగరాజును యుద్ధంలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు చంపాడు. బాలచంద్రుడూ తిరిగి రాలేదు. అతని భార్య మాంచాల విధవరాలైంది, బ్రహ్మనాయుడికి కొడుకు లేకుండా పోయాడు. ఏ వైపు చూసినా ఏడ్చింది అయినవాళ్లే.

కులాల కొట్లాట అన్న మాట అసలు నిలవదు. మాల కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకుని సేనానిని చేశాడు. అన్ని కులాలనూ ఒక్కచోట కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు ఇప్పటికీ ఉత్సవాల్లో నడుస్తోంది.

ఇక నాగమ్మ. 12వ శతాబ్దంలో ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపింది. ఆమె ఎత్తులు వేసింది, కాదనను. మగవాళ్లు వేస్తే రాజనీతి, ఆమె వేస్తే పంతమా? పైగా ఈ కథను తరతరాలుగా పాడుతున్నది వీరుల్ని కొలిచేవాళ్లు. నాగమ్మ తరఫున చెప్పేవాళ్లు ఎవరున్నారు?

ఉత్సవాలకు వీరుల్ని కొలిచే ఆచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తమ పెద్దల ఆయుధాలైన కొణతాలు మోసుకొచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. ఆ మెసేజ్ పంపేవాళ్లు ఒక్కసారి కారెంపూడి వెళ్లి, వాళ్ల ముందు నిలబడి "మూర్ఖులు" అనే మాట అనగలరేమో చూసుకోండి.