రేషియో 2 ఉన్నా చేతిలో డబ్బు లేదు

కరెంట్ రేషియో (ఏడాదిలోపు డబ్బుగా మారే కరెంట్ ఆస్తులను ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులతో భాగిస్తే వచ్చేది) 2 ఉంటే కంపెనీకి ఢోకా లేదని మీ వ్యాసంలో రాశారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లుల లెక్కలు చూస్తుంటాను. ఒక మిల్లుకు మార్చి 31న కరెంట్ ఆస్తులు 4 కోట్లు, ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులు 2 కోట్లు. కాగితం మీద భేష్! కానీ ఆ నాలుగులో 3 కోట్లు గోడౌన్లో అమ్ముడుపోని బేళ్లే. స్టాకు తీసేసి చూస్తే క్విక్ రేషియో 0.5. ఏప్రిల్లో కూలీల డబ్బులకే ఓనరు చేబదులు కోసం తిరిగాడు (ఆ టెన్షన్ నాక్కూడా). పైగా మాకు పత్తి దిగేది అక్టోబరు నుంచి. సెప్టెంబరు ఆఖరున, పాత స్టాకు తగ్గిపోయాక లెక్క తీస్తే ఇదే మిల్లు వేరే కంపెనీలా కనిపిస్తుంది. కొన్నవాళ్ల నుంచి రావాల్సిన బాకీలను 365తో గుణించి, ఏడాది అరువు అమ్మకాలతో భాగిస్తే వసూలుకు ఎన్ని రోజులు పడుతోందో తెలుస్తుంది. అది కూడా రాయాల్సింది.