ఉద్యోగం పోయినవాళ్లను రుజువులు అడగొద్దు

విదేశీ వ్యాపారం దెబ్బకు ఉపాధి పోయిన అమెరికా కార్మికులను ఆదుకునే ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ పథకం 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తులకు ఆమోదం ఇవ్వడం ఆపేసింది. అక్కడి చట్టసభ కాంగ్రెస్ గడువు పొడిగించలేదు. సుంకాల మీద ఇంత రభస జరుగుతున్నప్పుడు అలాంటి ఆసరా మళ్లీ ఉండాల్సిందే. కానీ పాత అర్హత నిబంధనలతో తెస్తే మాత్రం దండగ.

ఆ నిబంధనల చరిత్రే చెబుతుంది. 1962లో కెనడీ హయాంలో చట్టం వచ్చింది. 1969 దాకా ఒక్క కార్మిక బృందానికి కూడా అర్హత దక్కలేదు. సుంకం తగ్గించడం వల్లే దిగుమతులు పెరిగాయని, వాటివల్లే ఉద్యోగాలు పోయాయని రెండూ తేలాలి మరి! 1974లో షరతులు సడలించినా మూలం మారలేదు. ముగ్గురు కార్మికులు కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు, నిజమే. కానీ దిగుమతులు పెరిగాయా, పని విదేశానికి తరలిందా అన్న లెక్కలు ఉండేది కంపెనీ దగ్గర. ఉద్యోగంలోంచి తీసేసిన యాజమాన్యమే ఆ వివరాలు ఇవ్వాలి, దాన్నిబట్టే కార్మికుడి భవిష్యత్తు తేలాలి. ఇదేం న్యాయం?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల విషయంలో ఇది మరీ ఘోరంగా బయటపడింది. కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ అనే అమెరికా ఐటీ కంపెనీలో పని ఇండియాకు తరలిపోయి ఉద్యోగాలు పోయినవాళ్లు దరఖాస్తు చేస్తే కార్మిక శాఖ కాదంది. వస్తువులు తయారుచేసేవాళ్లకే ఆ సాయం, వాళ్లు రాసిన కోడ్ డిస్క్ లాంటి వస్తువు మీద లేదు కాబట్టి అది ఉత్పత్తి కాదట! వాళ్లు కోర్టుకెక్కి పోరాడాక 2006లో ఆ శాఖ తన విధానం మార్చుకుంది. 2009లో సర్వీసు రంగం మొత్తాన్నీ చేర్చారు. 2021 జులైలో మళ్లీ తీసేశారు. ఇంటి అద్దె కట్టలేని మనిషికి తన కోడ్ డిస్క్ మీద ఉందా, నెట్‌లో వెళ్లిందా అన్నదానితో ఏం పని? ఫ్యాక్టరీలో రోబో వచ్చి ఉద్యోగం పోతే ఈ పథకం వర్తించదు, వాళ్లకు ఆకలి తక్కువ వేస్తుందా?

వ్యాపార ఒప్పందాలు ప్రభుత్వం చేసుకున్నవి కాబట్టి వాటివల్ల నష్టపోయినవాళ్లకే ప్రత్యేక సాయం చేయాలని, అందరికీ ఇస్తే ఖజానా తట్టుకోదని కొందరంటారు. ఖర్చు పెరుగుతుంది, కాదనను. కానీ ప్రభుత్వ నిర్ణయాల వల్ల పోయే ఉద్యోగాలు వ్యాపార ఒప్పందాలతోనే ఆగవు.

మన కోస్తా జిల్లాల్లోనే చూడండి. 2025 ఆగస్టులో మన చాలా సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికాయే. ఆర్డర్లు తగ్గితే భీమవరం, కాకినాడ వైపు ప్లాంట్లలో రొయ్యలు ఒలిచే మహిళలకు ముందు పని తగ్గుతుంది. ఆ అమెరికా చట్టాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టినా వీళ్లకు పైసా రాదు. అది చూసేది దిగుమతులు పెరిగాయా, పని తరలిందా అనే. అవతలి దేశం సుంకం వేసి ఎగుమతులు పడిపోతే అందులో చోటు లేదు.

మన దేశంలో ఈఎస్‌ఐ కింద 2018లో తెచ్చిన నిరుద్యోగ సాయ పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఈ ఒక్క విషయంలో అమెరికా చట్టం కంటే మేలు. ఉద్యోగం పోవడం దిగుమతుల వల్లా, ఆటోమేషన్ వల్లా అని అడగదు. దుష్ప్రవర్తన లాంటి కారణాలు కాకపోతే చాలు, 90 రోజుల దాకా సగటు వేతనంలో సగం. అయితే ఈఎస్‌ఐలో పేరుండాలి, చందా కట్టిన రోజులుండాలి. కాంట్రాక్టర్ మనిషిగా వచ్చి వెళ్లే మహిళకు చాలాచోట్ల అసలు పేరే ఉండదు. మన దేశంలో శ్రామికుడి అసలు సమస్య ఇదే. పని చేసినంతకాలం ఏ రిజిస్టర్‌లోనూ లేనివాళ్లు పని పోయినప్పుడు ఏ పథకంలోనూ ఉండరు.

అసంఘటిత కార్మికుల పేర్లు ఆధార్‌తో సహా నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ 2021 నుంచీ ఉంది. ఆ నమోదునే అర్హతగా తీసుకుని, ఎగుమతి ప్లాంట్ల యజమానుల నుంచి మనిషికింత అని చందా వసూలు చేసి, నిరుద్యోగ భృతిని రొయ్యల ప్లాంట్లతోనే మొదలుపెట్టాలి. కాంట్రాక్టర్ తన కార్మికుల పేర్లు ఇవ్వకపోతే వాళ్ల చందా భారం కూడా ప్లాంటు యజమాని మీదే వేయాలి.