తొట్లకొండ పేరు ఎవరు పెట్టారు?

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే తీరంలో మంగమారిపేట దగ్గర కొండెక్కితే రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధారామం కనిపిస్తుంది. 1970లలో నౌకాదళం తన స్థావరం కోసం విమానం మీంచి ఈ తీరాన్ని సర్వే చేయించినప్పుడు ఇది బయటపడిందని, 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విందని చదువుకుంటాం. అంతా నిజమే. అయితే రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కనుకే అది తొట్లకొండ అయింది. బావులున్నది బావికొండ, పావురాలు గూడుకట్టుకున్నది పావురాలకొండ. ఆ పేర్లు పెట్టినవాళ్ళు పురావస్తు శాఖలో పనిచేసినవాళ్ళు కారు. ఆ గట్ల మీద మేకలు తోలుకున్నవాళ్ళు, కట్టెలేరుకున్నవాళ్ళు అయివుంటారు. ఆకాశంలోంచి కనిపెట్టామని మనం చెప్పుకుంటున్న సంగతి కింద పల్లెల్లో పేరుగా వాడుకలో ఉంది. అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఇప్పుడు అడుగుతున్నవాళ్ళు కొందరున్నారు. విశాఖ వన్‌టౌన్‌లోనూ భీమిలిలోనూ ఆదివారం పొద్దున్నే సమాధుల మీది రాతలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటూ, ముసలివాళ్ళ అరుగుల మీద ఫోను రికార్డరు నొక్కి కూర్చుంటూ తిరిగే రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, డిగ్రీ పిల్లలు. జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు. 'మీకెందుకండీ ఇవన్నీ' అనే మాట మాత్రం ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. వీళ్ళు చేస్తున్నది సరదా కాలక్షేపం కాదని, నగరం చేయవలసి ఉండీ చేయని పని అని మా అభిప్రాయం.

ఈ పని మనకు కొత్తదీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట సర్వే అధికారి కల్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి గ్రామ కైఫీయతులు సేకరించారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత, ఊరికి ఆ పేరెలా వచ్చింది అన్నవి ఆయా ఊళ్ళ లెక్కలు రాసే కరణాలు, పెద్దలు చెప్పి రాయించినవే. చెదలు పడుతున్న ఆ సంపుటాలకు తర్వాత సి.పి. బ్రౌను నకళ్ళు రాయించాడు. పేరు దొరలకు దక్కింది. చరిత్ర చెప్పింది ఊరివాళ్ళే, రాసింది ఊరివాళ్ళే.

భీమిలి సంగతి చూడండి. పదిహేడో శతాబ్దంలో ఒలందులు, అంటే డచ్చివాళ్ళు, వచ్చి వర్తక స్థావరం పెట్టుకుని, 1825లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయిన రేవు అది. వాళ్ళ సమాధులు ఉప్పుగాలికి ఏటేటా అరుగుతున్నాయి. ఆ సమాధుల ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. మన గోగునార ప్రపంచ మార్కెట్లో 'బిమ్లి జూట్' పేరుతో అమ్ముడైందని మాత్రం భీమిలి పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. మూతపడి పదేళ్ళు దాటిపోయిన చిట్టివలస జూట్ మిల్లు కార్మికుల ఇళ్ళలో జీతం చీటీలు, యూనియన్ కరపత్రాలు ఇంకా ఎక్కడో అటక మీద ఉండే ఉంటాయి. ఒలందు వర్తకుడి సమాధికి ఉన్నపాటి విలువ ఆ చీటీకీ ఉందని మొదట గుర్తించవలసింది ఈ స్వచ్ఛంద సేకర్తలే. ఇప్పటికైతే వాళ్ళ దృష్టి కూడా రాతి కట్టడాల మీదే ఎక్కువ.

ఈ మాట మరికాస్త విడమరిచి చెప్పాలి. ఉత్తరాంధ్రలో 'రంగం వెళ్ళాడు' అంటే బర్మాలో రంగూనుకు కూలికి పోయాడని. విశాఖ, భీమిలి రేవుల్లో ఓడెక్కి వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు రంగూను మీద పడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్ళున్నారు. దారిలోనే పోయినవాళ్ళున్నారు. 1942 ఏప్రిల్ 6న అవే బాంబులు విశాఖ మీదా పడ్డాయి. 1960లలో బర్మా నుంచి మళ్ళీ జనం తరలివస్తే వాళ్ళ గుడిసెలతో కంచరపాలెంలో బర్మా క్యాంపు ఏర్పడింది. పేరు మిగిలింది. ఆ పేరు వెనకున్న మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అప్పుడు పదేళ్ళ వయసులో ఓడ దిగిన పిల్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆమె పెట్టె అడుగున బర్మీస్ రాతలున్న కాగితమొకటి ఉంటుంది. దాన్ని పారెయ్యాలో ఉంచాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. డచ్చి సమాధి వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. ముందు ఎక్కడికి వెళ్ళాలో వేరే చెప్పాలా?

సేకర్తలకు మరో మాట, కాస్త కటువుగానే. భీమిలి మునిసిపాలిటీ 1861 నాటిదని, దేశంలో రెండో పాత మునిసిపాలిటీ అదేనని ప్రతి కరపత్రమూ రాస్తుంది. మద్రాసు కార్పొరేషన్ 1688లోనే ఏర్పడింది. కలకత్తా, బొంబాయిలకు 1726లో చార్టర్లు వచ్చాయి. మరి 'రెండోది' అనేది ఏ లెక్కన? విశాఖలో 1858లో స్వచ్ఛంద పుర సంఘం మొదలై, 1865 మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చాకే 1866లో మునిసిపాలిటీ అయింది. ఆ చట్టం కన్నా నాలుగేళ్ళ ముందున్న భీమిలిది ఏ రకం సంఘం? ఊరి మీద అభిమానం ఉన్నవాళ్ళు వేయవలసిన ప్రశ్న ఇది. సమాధానం ఎలా వచ్చినా భీమిలి చిన్నబోదు. భీముడు బకాసురుణ్ణి చంపిన చోటు ఇదేనన్న కథనూ రాసుకోవచ్చు, కథ అని పైన రాసి.

పద్ధతి లేకపోతే ప్రేమ కూడా నష్టమే చేస్తుంది. రాత స్పష్టంగా కనబడాలని శాసనానికి సుద్ద పూయడం, రంగు దిద్దడం, యాసిడ్‌తో కడగడం చూస్తున్నాం. పాత దస్తావేజును ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తే బొమ్మ కుంచించుకుపోతుంది, అక్షరం చెదిరిపోతుంది. నెల తిరిగేసరికి అది ఎవరింటి కాగితమో ఎవరికీ తెలియదు. ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ తేదీన తీశారు అన్న మూడు ముక్కలు రాయని సేకరణ అటక మార్చిన చెత్తే. అసలు కాగితాన్ని ఇంటివాళ్ళకు తిరిగివ్వడం మరీ ముఖ్యం. 'చూసి ఇస్తాను' అని పట్టుకెళ్ళిన పెద్దమనుషుల దెబ్బ తిన్న ఇళ్ళు ఈ జిల్లాలో తక్కువేం కాదు. అందుకే కొత్తవాళ్ళు గుమ్మంలోకి వస్తే తలుపులు పడుతున్నాయి.

చదవగలగడం అన్నిటికన్నా పెద్ద చిక్కు. పాత రెవెన్యూ కాగితాలు, ఊరి పాత రికార్డులైన దండకవిలెలు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుపోయే ఆ రాత చదవగలిగినవాళ్ళు కరణాలు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. ఆ తరంతో పాటు చదివే విద్య కూడా పోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, చరిత్ర శాఖ ఉంది. ఇంకా మిగిలిన పాత కరణాలను గౌరవంగా పిలిచి, కోరినవాళ్ళకు ఆదివారాల్లో గొలుసుకట్టు నేర్పే తరగతి పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక సెమినారు భోజనాల ఖర్చు దాటదు.

విశాఖ డాబాగార్డెన్స్‌లో రోజూ ఎన్ని వేలమంది దిగి ఎక్కుతారో! 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో అక్కడే నక్షత్రశాల పెట్టాడు. ఆయన అల్లుడు నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని అక్కణ్ణుంచే చూసి లెక్కలు కట్టాడు. ఆ కూడలిలో ఇప్పుడు నగల దుకాణాల హోర్డింగులకు చోటుంది. ఆ మామా అల్లుళ్ళ పేరున చిన్న రాయి పాతినా ఎవరి వ్యాపారమూ తగ్గదు.

పాలకులు ఏం చేయాలంటే మేము కోరేది పెద్దదేమీ కాదు. వారసత్వం అనగానే గోడలకు రంగులు, సెల్ఫీ పాయింట్లు, మూడు రోజుల ఉత్సవం గుర్తొస్తున్నాయి. అవి ఉండనివ్వండి. భీమిలి ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక జోన్. విలీనమైనప్పుడు పాత మునిసిపాలిటీ తీర్మానాల పుస్తకాలు, జనన మరణాల రిజిస్టర్లు, పన్ను చిట్టాలు ఏ బీరువాలోకి చేరాయో జాబితా రాసి ప్రజల ముందు పెట్టాలి. యాభై ఏళ్ళు దాటిన కాగితాలను గుమాస్తా ఎదుట కూర్చుని ఫొటో తీసుకోవడానికి వారంలో ఒక పూట అనుమతించాలి. భీమిలిలోనే ఒక గది ఇవ్వాలి. వర్షం కురవని పైకప్పు, చెదలంటని ఇనుప ర్యాకులు, ఒక స్కానరు చాలు. హుద్‌హుద్ తుపాను రోజున ఎన్ని ఇళ్ళలో పాత ఆల్బములు తడిసి ముద్దయ్యాయో విశాఖవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ నింద పత్రికలవాళ్ళమైన మాకు మాత్రం తగలదా? ఊరి కబుర్లన్నీ మోసిన జిల్లా అనుబంధాల్ని పత్రికలు మెయిన్ ఎడిషన్ దాచినంత శ్రద్ధగా దాచలేదు. అవి చాలావరకు కాటాకెక్కి పొట్లాలైపోయాయి. పాత తెలుగు పత్రిక కావాలంటే ఇవాళ్టికీ జనం 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనానికి వెళుతున్నారు. అంత నగరమై ఉండి విశాఖ ఒక చేనేత ఊరి గ్రంథాలయం మీద ఆధారపడవలసి రావడంలో పత్రికల వంతూ ఉంది. భీమిలిలో గది తెరిచిన రోజున, చిరిగినవైనా సరే, మా దగ్గర మిగిలిన పాత సంచికల నకళ్ళు అక్కడికి చేరుస్తాం.