పాలు వేరు, డికాషన్ వేరు

మన ఉగాది వేడుకలకు పులిహోరలో ఇంగువ ఎంతన్నది కూడా ముందే తేలిపోతుంది. టీ మాత్రం చివరి నిమిషంలో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. పాపం వాళ్లు పొద్దున పదింటికే నీళ్లు, పాలు, పొడి, చక్కెర ఒకే గిన్నెలో మరిగించి ఫ్లాస్కులు నింపేస్తారు. మధ్యాహ్నం మూడింటికి మీట నొక్కితే వచ్చేది గోధుమరంగు కషాయం. తప్పు పొడిది కాదు. పాలు కలిపిన టీ గంటలకొద్దీ వేడిలో మగ్గితే ఉడుకు వాసన పడుతుంది, వడకట్టులో జారిన నలుసు ఇంకా దిగుతూ వగరెక్కిస్తుంది.

హైదరాబాద్ ఇరానీ హోటళ్ల పద్ధతే దీనికి మందు. డికాషన్ వేరు, పాలు వేరు, కలిసేది కప్పులోనే.

100 చిన్న కప్పులకు ఒకటిన్నర గ్యాలన్ (దాదాపు 5.7 లీటర్ల) నీళ్లు, 250 గ్రాముల సీటీసీ పొడి (గుళికల్లా ఉండే మామూలు టీపొడి), 100 గ్రాముల అల్లం చాలు. దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో అయిదు నిమిషాలు తెర్లనివ్వాలి. పచ్చి అల్లంలోని ఎంజైమ్ పాలను విరగ్గొడుతుంది, మరిగితే దాని ఆట కట్టు. తర్వాత పొడి వేసి, అంచుల చుట్టూ ఫాయిల్ బిగించి మూతపెట్టి, సన్నసెగ మీద 20 నిమిషాలు. పలచటి గుడ్డలో వడకట్టండి, పిప్పిని మాత్రం పిండొద్దు.

పాలు కూడా ఒకటిన్నర గ్యాలనే, వెన్న తీయని హోల్ మిల్క్. 2 శాతం కొవ్వున్న పాలతో చిక్కదనం రాదు. పొంగు వచ్చాక గరిటెతో తిప్పుతూ 15 నిమిషాలు కాచి వేరే ఫ్లాస్కులో పోయాలి. కరెంటు కాయిల్ పొయ్యి ఆపేసినా వేడి వెంటనే తగ్గదు. గిన్నె పక్కకు దించకపోతే కమ్యూనిటీ హాలుకు మళ్లీ గృహప్రవేశమే! చక్కెర బల్లమీదే ఉంచండి, షుగర్ ఉన్నవాళ్లు మనలో తక్కువేం కాదు.

వేసవి పిక్నిక్‌కు ఇదే డికాషన్‌లో ఐసు వేస్తే ఐస్‌డ్ టీ అయిపోదు. సీటీసీ పాలను తట్టుకునేలా ముదురుగా దిగే పొడి, పాలు లేకుంటే వగరు నాలుకకు పట్టేస్తుంది. పైగా వేడి డికాషన్ ఒక్కసారిగా చల్లబడితే కెఫీన్, వగరునిచ్చే పాలీఫెనాల్స్ జతకట్టి మబ్బు పట్టినట్టవుతుంది. కాస్త మరిగే నీళ్లు పోస్తే తేటపడుతుంది గానీ రుచి పలచనవుతుంది. దానికి బదులు ఆకు టీ కొనండి. లీటరు చల్లటి నీళ్లకు 10 గ్రాములు వేసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, 8 గంటలయ్యాక వడకట్టండి. వగరు తక్కువ, రంగు తేట. చల్లటి టీలో చక్కెర సరిగా కరగదు కనుక కప్పు చక్కెరకు కప్పు నీళ్లతో పాకం కాచి పక్కన పెట్టాలి. నిమ్మరసం పిండితే రంగు లేతబడుతుంది, కంగారు పడకండి. జాడీని ఎండలో పెట్టి టీ దించే అలవాటు మాత్రం మానాలి. ఆ గోరువెచ్చదనం సూక్ష్మజీవులకు పండగ. ఐసు కరిగి నీళ్లనీళ్లవుతుందని బెంగైతే, అదే టీని ట్రేల్లో పోసి గడ్డకట్టించండి.