పైన పడుకునే బాబుకి ప్యాకేజీ ఎంత?

పోయిన ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో 'పిల్లలకు ఆటల్లో కెరీర్' అని ఉచిత సదస్సు పెట్టారు. ఉచితం అంటే తెలుసుగా, చివర్లో ఫారం నింపించుకుంటారు. కౌన్సెలర్‌గారు స్క్రీన్ మీద ఆటలన్నీ వరసగా పెట్టి, ఒక్కోదాని పక్కన రాబడి ఎంతో నక్షత్రాల్లో వేశారు. క్రికెట్‌కి ఐదు. బ్యాడ్మింటన్‌కి నాలుగు. చదరంగం పక్కన 'అమెరికా కాలేజీ సీటుకి పనికొస్తుంది' అన్న ముక్క. మా అపార్ట్‌మెంట్లో సగం నెల్లూరు, సగం అనంతపురం. రెండు సగాలూ ఏకమై ఫోన్లెత్తి ఫొటోలు తీసుకున్నాయి.

ఆ జాబితాలో నేచురల్ ట్రాక్ డబుల్స్ ల్యూజ్ లేదు. తల్లిదండ్రులను ఇంత ఘోరంగా తప్పుదోవ పట్టించడం తగదు కనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆ లోటు నేను భర్తీ చేస్తున్నాను.

ఆల్ప్స్ కొండల్లో చలికాలం దారుల మీద మంచు గడ్డకడుతుంది. దాని మీద ఒక చెక్క స్లెడ్, అడుగున ఉక్కు పట్టీలు. దాని మీద ఇద్దరు, ఒకరి మీద ఒకరు వెనక్కి వాలి, కొండ దిగాలి. ఒలింపిక్స్‌లో చూపించే ల్యూజ్ వేరు. అక్కడ మలుపుల్లో గోడలు వంచి కట్టి, యంత్రాలతో ట్రాకుని చల్లబరుస్తారు. ఇక్కడ ఆ వంపు గోడలూ లేవు, ఆ యంత్రాలూ లేవు. తాడు లాగి, కాళ్లతో నొక్కి, అవసరమైతే చెయ్యి మంచుకి ఆనించి, ఇద్దరూ ఒకేసారి ఒళ్లు వాల్చి తిప్పుకోవాలి. బ్రేకంటే బూట్ల కింద మేకులు. 1979 నుంచి దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి.

ఇక రాబడి. 1964లో ల్యూజ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది గానీ, ఈ రకం ఇప్పటిదాకా రాలేదు. 2026 శీతాకాలపు ఒలింపిక్స్ ఇటలీలో జరిగాయి. ఈ ఆటకి పుట్టిల్లులాంటి దక్షిణ టిరోల్ కూడా ఇటలీలోనే ఉంది. కోర్టినాలో వంద మిలియన్ యూరోలు దాటిన ఖర్చుతో కొత్త ట్రాకు కట్టారు, స్కీ మౌంటెనీరింగ్‌ని కొత్తగా చేర్చారు, ఈ ఆటవాళ్లని మాత్రం గుమ్మం బయటే నిలబెట్టారు. దక్షిణ టిరోల్‌వాళ్లే పాట్రిక్ పిగ్నెటర్, ఫ్లోరియన్ క్లారా. డబుల్స్‌లో ప్రపంచ చాంపియన్లు, ఏళ్ల తరబడి వరల్డ్ కప్ గెలిచిన జోడీ. మా కౌన్సెలర్‌గారి లెక్కలో వాళ్లకి అర నక్షత్రం. అదీ ఇద్దరికీ కలిపి.

సరే, ఇలాంటి కుర్రాడు ఒకడు మన తెలుగువాళ్లలో పుట్టాడనుకుందాం. పెళ్లీడుకొచ్చాడు. బీటీఎం లేఅవుట్‌లో అమ్మాయి వాళ్ల ఫ్లాట్. కాజాలు, కారప్పూస, ఫిల్టర్ కాఫీ.

"బాబు ఏం చేస్తాడు చెల్లెమ్మా?"

"జారతాడు అన్నయ్యగారూ. కొండమీంచి."

"ఎందుకు?"

"అందరికన్నా తొందరగా కిందికి రావాలని."

"కింద ఏముంటుంది?"

"గడియారం ఉంటుందండీ. ఎంతసేపట్లో వచ్చాడో చెబుతుంది."

అమ్మాయి నాన్నగారు కాజా ప్లేట్లో పెట్టేశారు. "ఒక్కడేనా?"

"లేదండీ, ఇంకో అబ్బాయి కూడా. పైన మావాడు పడుకుంటాడు, కింద ఆ అబ్బాయి."

అమ్మాయి వాళ్లమ్మగారు ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్లారు. ఇంతలో తాతగారు అందుకున్నారు. పాతకాలంలో ఎల్‌డీసీగా, అంటే చిన్న గుమాస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి, హోదాల సంగతి ఆయనకి తెలుసు. "పైవాడికి జీతం ఎక్కువా, కిందివాడికా?"

"ఇద్దరికీ సమానమేనండీ. ఏమీ రాదు."

"ఆన్‌సైట్ ఉంటుందా?"

"మొత్తం ఆన్‌సైటే! ఆస్ట్రియా, ఇటలీ..."

అందరి మొహాలూ వెలిగాయి. వంటింట్లోంచి అమ్మగారు కూడా తిరిగొచ్చారు. "పీఆర్ ఇస్తారా మరి?"

"మంచు కరగగానే వచ్చేస్తాడండీ."

"వచ్చి?"

"ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మళ్లీ చలికాలానికి డబ్బు కూడబెట్టుకోవాలిగా."

"అయ్యో, ఉద్యోగం ఉందని ముందే చెప్పొద్దా చెల్లెమ్మా! ఆ జారేది హాబీ అన్నమాట." సంబంధం అక్కడికక్కడే ఖాయం. ఒకటే షరతు, పెళ్లయ్యాక జారకూడదు. వెళ్లేముందు తాతగారు పెళ్లికొడుకుని పక్కకి పిలిచి, కింద పడుకునే అబ్బాయిది ఏ గోత్రమో కనుక్కున్నారు. మనవరాలింకొకతె ఉంది.

ఇందులో నేను అతిగా రాసింది గోత్రం ఒక్కటే. మిగతాదంతా మన ఇళ్లలో రోజూ జరిగేదే. ఆట పేరే మారుతుంది.

శివ కేశవన్ సంగతి చూడండి. మనాలీ కుర్రాడు, 16 ఏళ్లకే 1998 నగానో ఒలింపిక్స్‌లో ల్యూజ్ ఆడాడు. 2018 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్. మన దేశంలో ట్రాకు లేదు. స్లెడ్‌కి చక్రాలు బిగించుకుని హిమాలయాల రోడ్ల మీద, లారీల మధ్య, గొర్రెల మందల మధ్య ప్రాక్టీసు చేశాడు. ఖర్చులకి జనం దగ్గర చందాలు పోగుచేసుకున్నాడు. 2014లో సోచీకి వెళితే, మన ఒలింపిక్ సంఘం సస్పెన్షన్లో ఉన్నందున తన దేశం జెండా కింద పోటీ చేసే భాగ్యం కూడా దక్కలేదు. కుర్చీల కోసం కొట్టుకున్నది పెద్దలు, జెండా పోయింది కొండ దిగినవాడికి! అర్జున అవార్డు ఇచ్చింది 2020లో, ఆట మానేశాక. ఆయన ఆసియా స్వర్ణాలు గెలిచినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు మాత్రం 'ఇన్‌స్పిరేషన్' అని ఆయన ఫొటో స్లైడ్ మీద వేసుకుంటారు. మా కౌన్సెలర్‌గారూ వేశారు. నక్షత్రాలేమీ పెట్టలేదు లెండి.

సదస్సు నిర్వహించిన మా అసోసియేషన్ సంగతి కూడా చెప్పాలి. నేచురల్ ట్రాక్ సగటు వాలు 13 శాతం మించకూడదని రూలు. మా బేస్‌మెంట్ ర్యాంపు దానికేమీ తీసిపోదు. సెలవుల్లో బీ బ్లాక్ పిల్లలిద్దరు ఒకే స్కేట్‌బోర్డు మీద ఒకడి ఒళ్లో ఒకడు వాలి, ఆ ర్యాంపు దిగుతూ కనిపించారు. చెప్పులు నేలకి రాసి ఆపుతున్నారు. మలుపు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఎడమకి ఒరిగారు, ఎవరూ నేర్పకుండానే. మర్నాడు నోటీసు: ర్యాంపు మీద ఆటలు నిషేధం, ఐదొందలు ఫైను, బోర్డు జప్తు.

ర్యాంపు మీద కార్లొస్తాయి, ప్రమాదం, ఒప్పుకున్నాం. మరి ప్లానులో పిల్లల ఆటస్థలం అని చూపించిన చోటుని విజిటర్స్ పార్కింగ్ చేసిందెవరు? వర్షాకాలంలో నీళ్లు నిలుస్తున్నాయని టైల్స్ పరిచి, గీతలు గీసి, నంబర్లు వేసిందెవరు? ఆడుకోవడానికి జానెడు జాగా మిగల్చకుండా, ఆటల్లో కెరీర్ గురించి మైకు పెట్టి చెప్పించడానికి సిగ్గుండాలి. ఎవడైనా మెడల్ తెస్తే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టడానికి మాత్రం తయారు.

సెక్రటరీగారూ, ఆ స్కేట్‌బోర్డు మీ ఆఫీసులో బీరువా వెనక ఉందని సెక్యూరిటీ చెప్పాడు. సాయంత్రంలోగా పిల్లలకి ఇచ్చెయ్యండి. ఐదొందలు నా మెయింటెనెన్స్ బిల్లులో కలుపుకోండి.