700 కోట్ల స్టేషన్ పక్కన చౌక లాడ్జి బతకాలి

సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం గురించి పాఠకులు ఇప్పటికే చాలా చదివారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన, దాదాపు 700 కోట్ల ఖర్చు, బహుళ అంతస్తుల పార్కింగ్, అటూ ఇటూ మెట్రో స్టేషన్లకు నడక దారులు. అన్నీ కావలసినవే, కాదనను. ఆ రంగుల ఊహాచిత్రాల్లో ఎంత వెతికినా కనిపించనివి స్టేషన్ ఎదుటా, రెజిమెంటల్ బజార్ సందుల్లోనూ ఇరుకు మెట్లెక్కి వెళ్లే లాడ్జీలు. అవి పోతేనే ఆ ప్రాంతానికి కళ వస్తుందని నమ్మేవాళ్లు అధికారుల్లోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. పోకూడదని నేనంటాను. ప్లాట్‌ఫారం, టికెట్ కౌంటర్ ఎలాగో, స్టేషన్ ఎదుట లాడ్జీ అలాగే రైల్వే వ్యవస్థలో భాగం. ప్రభుత్వం దాన్ని ఆ లెక్కలోనే చూడాలి.

అక్కడ దిగేది ఎవరు? గాంధీ ఆసుపత్రిలో రోగిని చేర్పించి రాత్రి నడుం వాల్చడానికి చోటు లేని బంధువులు. తెల్లారితే పోటీ పరీక్ష ఉన్న కుర్రాళ్లు, వాళ్లకు తోడొచ్చిన తండ్రులు. రాణిగంజ్‌లో విడిభాగాలకో, జనరల్ బజార్‌లో బట్టలకో వచ్చిన చిన్న ఊళ్ల దుకాణదారులు. రైలు మారడానికి పది గంటలు ఆగవలసిన కుటుంబాలు. వీళ్లెవరూ విహారానికి వచ్చినవాళ్లు కారు. వీళ్లకు కావలసింది స్నానానికి నీళ్లు, లోపలినుంచి గడియ పడే తలుపు, కాసేపు నిద్ర.

ఈ లాడ్జీల అసలు గొప్పతనం అద్దె తక్కువ కావడంలో లేదు. ఇరవైనాలుగు గంటల లెక్కలో ఉంది. కోస్తా నుంచి వచ్చే రాత్రి రైళ్లు చాలావరకు తెల్లవారుజామునో, ఉదయాన్నో సికింద్రాబాద్‌లో దింపుతాయి. ఫోనులో యాప్ తెరిస్తే చాలా హోటళ్లు చెప్పే నియమం ఒకటే: మధ్యాహ్నం పన్నెండుకు గది ఇస్తాం, మర్నాడు పదకొండుకు ఖాళీ చేయాలి. ఐదింటికి దిగిన మనిషి ఏడు గంటలపాటు పెట్టె పక్కన పెట్టుకుని కూర్చోవాలి, కాదంటే ముందు రోజు అద్దె కూడా కట్టాలి. పరీక్ష తొమ్మిదింటికైతే ఆ గది ఎవరికోసం? రైలు మధ్యాహ్నం పన్నెండు చూసుకుని రాదు. పాతకాలపు స్టేషన్ లాడ్జి యజమానికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. మీరు ఐదింటికి సంతకం పెడితే మర్నాడు ఐదింటిదాకా గది మీది. పగలంతా పనులు చూసుకుని, రాత్రి పడుకుని, తెల్లవారుజాము బండికి బయల్దేరవచ్చు. ప్రయాణికుడి రోజు అతను దిగినప్పుడు మొదలవుతుందని గుర్తించిన పద్ధతి అది. యాప్‌లతో ఒప్పందం కుదుర్చుకున్న లాడ్జీలు ఇప్పుడు దీన్నే వదిలేస్తున్నాయి. రిసెప్షన్‌లో కొత్త బోర్డు, మంచం మీద రంగు దుప్పటి వచ్చాయి, ఇరవైనాలుగు గంటలు పోయాయి. దీన్ని ఆధునికీకరణ అంటున్నారు!

రైల్వేకు సొంత విశ్రాంతి గదులు, డార్మిటరీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే, గంటల లెక్కనా ఇస్తారు. ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే నిర్ధారిత టికెట్టో, ఆర్ఏసీయో ఉండాలి, 48 గంటలకు మించి ఉండనివ్వరు. ఆసుపత్రిలో నాలుగు రోజులు కాచుకోవలసినవాడికి అవి చాలవు. ఇంతకంటే బలమైన అభ్యంతరం భద్రత. 2022 సెప్టెంబరు 12 రాత్రి స్టేషన్‌కు దగ్గరలోని ఒక భవనంలో కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి, పై అంతస్తుల్లోని లాడ్జిలోకి పొగ కమ్మింది. ఎనిమిది మంది చనిపోయారు. ఎక్కడానికీ దిగడానికీ ఉన్నది ఒకటే ఇరుకు మెట్లదారి. ఆ మరణాలను పక్కన పెట్టి ఈ లాడ్జీలను వెనకేసుకు రావడం కుదరదు. అయితే ఆ రాత్రి చంపింది చౌక అద్దె కాదు. లాడ్జి కింద బ్యాటరీ బండ్లు పెట్టనిచ్చి, రెండో మెట్లదారి లేని భవనాన్ని ఏళ్లతరబడి చూసీ చూడనట్టు వదిలేసిన వ్యవస్థ చంపింది. తనిఖీ చేయనివాళ్లే రేపు కూల్చివేతకు ఆ పేరే చెబుతారు.

అసలు రోగం ఇంకా లోతుగా ఉంది. బయటినుంచి వచ్చిన మనిషిని మన నగరాలు అనుమానంతో చూస్తాయి. ఆ అనుమానాన్ని దగ్గరగా చూడాలంటే స్టేషన్ ఎదుటి ఏ లాడ్జి కౌంటర్ దగ్గరైనా పావుగంట నిలబడండి. పొడుగాటి రిజిస్టరు, అందులో పేరు, తండ్రి పేరు, ఎక్కడినుంచి రాక, ఎక్కడికి పోక, ఏ పని మీద. దారంతో కట్టిన బాల్‌పెన్ను. ఆధార్ తిప్పి చిరునామా చూసి గుమాస్తా కార్డు వెనక్కి నెట్టేస్తాడు: ‘లోకల్ వాళ్లకు ఇవ్వం.’ ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన మనిషి కావచ్చు, ఆసుపత్రి దగ్గర ఉండవలసి వచ్చిన మనిషి కావచ్చు, గుమాస్తాకు అనవసరం. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని చూస్తే ముందు ‘వెంట ఎవరూ లేరా?’ అంటాడు, తర్వాత గదులు ఖాళీ లేవంటాడు. ఆమె వెనక నిలబడ్డ మగవాడికి తాళంచెవి ఇస్తాడు. స్థానికులకు గానీ, ఒంటరి స్త్రీకి గానీ గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. పోలీసుల చిరాకు తప్పించుకోవడానికి గుమాస్తాలు పెట్టుకున్న నియమాలివి. రాత్రి పదకొండింటికి స్టేషన్‌లో దిగిన ఆడపిల్లకు నీడ ఇవ్వలేని నగరం మహిళా భద్రత గురించి ఎన్ని హోర్డింగులు పెడితే ఏం లాభం?

దీనికి పరిష్కారం కనిపెట్టాల్సిన పని లేదు, మనకు ఎప్పుడో తెలుసు. బ్రిటిష్‌వాళ్లు 1867లో తెచ్చిన సరాయిల (బాటసారులు బసచేసే సత్రాల) చట్టం ప్రతి సరాయి పేరూ నమోదు కావాలంది. కాపలావాళ్లను పెట్టమంది, గోడలు, కాలువలు బాగుగా ఉంచమంది, అద్దెల పట్టిక అందరికీ కనబడేలా తగిలించమంది. నూట యాభై ఏళ్లు దాటినా స్టేషన్ ఎదుట అద్దె మాత్రం మీ మొహం, మీ సామాను, మిమ్మల్ని తీసుకొచ్చిన ఆటోవాడి కమీషన్ చూసి నిర్ణయమవుతోంది. మద్రాసులో సెంట్రల్ స్టేషన్ దగ్గర సవలై రామస్వామి మొదలియార్ 1880లలోనే సత్రం కట్టించారు. రైలు వచ్చిన చోట పడక ఉండాలన్నది అప్పటి పెద్దలకు చెప్పకుండానే తెలిసిన విషయం.

ఇప్పటి ప్రభుత్వాలు ఏం చేశాయి? రోజుకు 1,000 రూపాయల లోపు గదికి ఒకప్పుడు జీఎస్టీ లేదు. 2022 జూలై 18 నుంచి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దించి, ఉపకారం చేశామన్నారు. అదే 5 శాతం 7,500 రూపాయల గదికీ వర్తిస్తుంది. పన్ను కట్టే లాడ్జిలో 800 రూపాయల గదిలో దిగిన రోగి బంధువునూ, పెళ్లికి ఏసీ సూట్ తీసుకున్నవాడినీ ఒకే గాటన కట్టారు. చౌక గదికి మళ్లీ మినహాయింపు ఇవ్వాలి. దానికి బదులుగా రెండో మెట్లదారి, పొగను పసిగట్టే యంత్రం, గోడమీద అద్దెల పట్టిక, ఇరవైనాలుగు గంటల లెక్క తప్పనిసరి చేయాలి. కొన్ని రైళ్లను నగర శివారులోని చర్లపల్లికి తరలించారు కాబట్టి అక్కడ ఈ పని మొదటినుంచే పద్ధతిగా చేయవచ్చు. 2025 జనవరిలో ప్రారంభించిన ఆ టెర్మినల్ చుట్టూ సికింద్రాబాద్‌లో ఉన్నలాంటి లాడ్జీల వీధి ఇంకా ఏర్పడలేదు.

ఇక నాంపల్లి. అక్కడి స్టేషన్ 1907 నాటిది. దాని ఎదురుగా ఏడో నిజాం కాలంలో, 1919 ప్రాంతంలో, ప్రయాణికుల కోసం సరాయి కట్టారు. స్టేషన్ కట్టి ఊరుకుంటే చాలదని ఆ రాచరికానికి తెలిసింది. ఆ సరాయి ఇప్పుడు శిథిలమై ఉంది, బాగుచేస్తామన్న మాట కొన్నేళ్లుగా వింటున్నాం. వారసత్వ కట్టడాలను బాగుచేసిన చోటల్లా మనకు కాఫీ దుకాణాలు, చేనేత ప్రదర్శనలు కనబడతాయి. వాటికి నగరంలో వేరే చోట్లు బోలెడున్నాయి. నాంపల్లి సరాయిలో మాత్రం మంచాలు వేయండి. ఒక భాగం పూర్తిగా ఆడవాళ్లకు ఇవ్వండి, అద్దె గోడమీద రాయండి, హైదరాబాద్ చిరునామా ఉన్న ఆధార్ కార్డునూ చెల్లనివ్వండి.